2006 మోడల్ కారు మీటర్‌లో 8 కాస్తా 0 అయిపోతోంది. డిస్‌ప్లే రిపేరు అవుతుందా, మీటర్ మొత్తం మార్చాల్సిందేనా?

పాలకొల్లు_పెట్రోల్ అడిగారు:

అందరికీ నమస్కారం. బండి 2006 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. స్పీడు, ఆర్‌పీఎం ముళ్లు సరిగ్గానే తిరుగుతున్నాయి. గొడవంతా వాటి మధ్యలో ఉన్న చిన్న ఎల్‌సీడీతోనే. కిలోమీటర్లు, ట్రిప్, పెట్రోల్ గీతలు అన్నీ అందులోనే వస్తాయి.

ఎడమ నుంచి మూడో అంకెలో మధ్య గీత రావట్లేదు. 8 ఉండాల్సిన చోట 0 కనిపిస్తోంది. దాంతోపాటే పక్కనున్న ట్రిప్ గుర్తు కూడా మాయం. రెండూ కలిసే పోతాయి, కలిసే వస్తాయి. పొద్దున్నే అసలు రావు, మధ్యాహ్నం ఎండకు బండి కాగాక వస్తాయి. మీటర్ మీది ప్లాస్టిక్ అద్దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కినా వస్తాయి.

రాత్రి లైట్లు వేస్తే డిస్‌ప్లే ఎడమ సగం చీకటి, కుడి సగం మామూలే. ఇంకోటి, సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కోసారి డిస్‌ప్లే మొత్తం రెండు సెకండ్లు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. అలా అయిన ప్రతిసారీ ట్రిప్ సున్నాకి వచ్చేస్తోంది. అసలు కిలోమీటర్లు మాత్రం మారవు.

షోరూములో "డిస్‌ప్లే విడిగా రాదు, మీటర్ మొత్తం మార్చాలి" అన్నారు. ఆ ఖర్చు బండి అమ్మితే వచ్చేదాంట్లో చెప్పుకోదగ్గ వాటా. నా దగ్గర మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి, వాడటం వచ్చు. ఇది ఇంట్లో అయ్యే పనేనా? రీడింగ్ పోతుందా? ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి, మీటర్ విప్పితే దానికేమైనా అవుతుందా?

వైరింగ్_బాబాయ్:

మీరు ఒక జబ్బు అనుకుంటున్నవి మూడు జబ్బులండీ. అంకెలో గీత పోవడం ఒకటి, ఎడమ సగం చీకటి ఇంకొకటి, సెల్ఫ్ కొట్టగానే ఆరిపోవడం మరొకటి. మూడింటి మూలాలూ మూడు చోట్ల ఉంటాయి. ఒకే పార్టు మార్చి మూడూ పోవాలనుకుంటే చివరికి చేతికొచ్చేది కొత్త మీటర్ బిల్లే.

గీత సంగతి ముందు. ఎల్‌సీడీలో ఒక్కో అంకెకు ఏడు గీతలుంటాయి. చాలా మీటర్లలో ప్రతి గీతకూ విడి లైను లాగరు. రెండేసి, మూడేసి, నాలుగేసి గీతల్ని ఒక లైను మీద కట్టి, అడ్డంగా కొన్ని కామన్ లైన్లు పెడతారు. అందుకే ఏ గీతలు కలిసి పోతున్నాయో చూస్తే ఎక్కడ తెగిందో చాలావరకు చెప్పేయొచ్చు. ఒక అంకెలో గీత, దాని పక్కనే ఒక గుర్తు కలిసి పోతే ఆ రెండింటినీ నడిపే ఒక్క లైను కాంటాక్ట్ పోయినట్టు. అన్ని అంకెల్లోనూ ఒకే చోటి గీతలు, ఉదాహరణకు అన్నింటి కింది భాగం, ఒకేసారి పోతే కామన్ లైను పోయినట్టు. ఏ వరసా లేకుండా పిచ్చి అంకెలు వస్తే డిస్‌ప్లేని నడిపే చిప్, అంటే ఐసీనో, కరెంటు సప్లైనో అనుమానించాలి. మీది మొదటి రకం. పైగా నొక్కితే వస్తోంది, వేడెక్కితే వస్తోంది. అంటే ఐసీ బతికే ఉంది, ఎల్‌సీడీ గాజూ బాగానే ఉంది. గాజుకూ బోర్డుకూ మధ్య కాంటాక్టే వదులైంది. ఈ రకం రిపేరు అవుతుంది.

ఆరిపోవడం గురించి. ట్రిప్ సున్నా అవుతోంది, అసలు రీడింగ్ నిలుస్తోంది అన్నారు కదా, జవాబు అందులోనే ఉంది. అసలు కిలోమీటర్లు ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి, కరెంటు పోయినా చెరగవు. ట్రిప్ లెక్కను చాలా మీటర్లలో ప్రాసెసర్ తన తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటుంది. ట్రిప్ చెరిగిందంటే ప్రాసెసర్‌కి ఆ క్షణంలో వోల్టేజి చాలక మళ్లీ మొదటినుంచి లేచిందన్నమాట. దీన్ని బోర్డులో వెతక్కండి, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి.

మీటర్ విప్పకముందే ఇవి కొలవండి:

రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ వోల్టేజి. నిండా ఛార్జింగ్ ఉంటే 12.6 దగ్గర ఉండాలి. 12.2 అంటే సగమే.

సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పోస్టుల మీదే పెట్టి చూడండి. క్లాంపుల మీద కాదు, సీసం పోస్టుల మీద. 9.6 కిందికి దిగకూడదు. మామూలు మల్టీమీటర్ కాస్త నిదానంగా చూపిస్తుంది కాబట్టి మీటర్‌లో 'మిన్' బటన్ ఉంటే వాడండి.

ఇంజన్ ఆన్‌లో 13.8 నుంచి 14.4 మధ్య.

చివరగా ఎర్త్. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేసి, బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ డ్యాష్‌బోర్డు కింద ఎర్త్ బోల్టుకీ మధ్య డీసీ వోల్టేజి కొలవండి. 0.1 వోల్టు దాటకూడదు. ఓమ్స్‌లో పెట్టి "సున్నా వచ్చింది, బాగుంది" అనుకోవద్దు. లోడు లేనప్పుడు ఒక్క పోగు తీగ మిగిలినా మల్టీమీటర్ సున్నానే చూపిస్తుంది.

స్పీడ్_స్టార్_09:

బ్రో ఇంత అవసరం లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో మీటర్ అద్దం మీద పది నిమిషాలు వేడి పెట్టి, విప్పి లోపల తుప్పు వదిలించే స్ప్రే కొట్టేయ్. సెట్ అయిపోతుంది. లేదంటే ఆటోనగర్‌లో పాత మీటర్ తెచ్చి పెట్టేయ్, వెనక తీగలు తగిలించే కప్లర్ అదే.

టంకం_తీగ:

@స్పీడ్_స్టార్ ఆ స్ప్రే మాట మాత్రం ఎవరూ వినకండి. అందులో నూనె ఉంటుంది. ఎల్‌సీడీ కింద ఉండే కాంటాక్ట్ రబ్బరు సిలికాన్. నూనె తగిలితే అది ఉబ్బుతుంది, బోర్డు మీది కాంటాక్ట్ ప్యాడ్ల మీద పొర కడుతుంది. మొదటి వారం బాగుపడినట్టే ఉంటుంది, తర్వాత ఒక గీత పోయిన చోట పది పోతాయి. అదే స్ప్రే డయల్ ప్లేటు మీద పడితే మరకా పోదు. హెయిర్ డ్రయ్యర్ వేడి రోగం తెలుసుకోవడానికి పనికొస్తుంది, మందుగా పనికిరాదు. ఎండ చేస్తున్నదీ అదే కదా. పాత మీటర్ పెట్టేయడం గురించి కింద చెప్తాను.

పాలకొల్లు గారూ, విప్పే పద్ధతి ఇది.

బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగండి. మీటర్ విప్పినంత మాత్రాన ఎయిర్‌బ్యాగ్ పేలదు, దాని వైరింగ్‌ని మనం ముట్టుకోం. అసలు చిక్కు వేరే. ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం మీటర్‌లోనే ఉంటుంది. మీటర్ కప్లర్ ఊడదీసి ఉండగా ఎవరైనా కీ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ "దీపం లేదు" అని తప్పు నమోదు చేసుకోవచ్చు. తర్వాత మీటర్ పెట్టినా ఆ దీపం ఆరదు, స్కానర్‌తో చెరిపించాలి. కాబట్టి మీటర్ బల్ల మీద ఉన్నంతసేపూ కీ మీ జేబులో ఉండాలి, పిల్లల చేతిలో కాదు. రేడియోకి కోడ్ ఉన్న బండి అయితే ముందే రాసిపెట్టుకోండి.

స్టీరింగ్‌ని కిందికి దించండి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేముకి పైన స్టార్ స్క్రూలుంటాయి, మిగతాది క్లిప్పుల మీద ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి లేపితే పాత ప్లాస్టిక్ పుటుక్కుమంటుంది. పాత ఏటీఎం కార్డు పెట్టి లేపండి. మీటర్‌ని కొద్దిగా ముందుకి లాగి వెనక చెయ్యి పెట్టి కప్లర్ లాకు నొక్కి తీయాలి, తీగలు పట్టి లాగకూడదు. బయటికొచ్చాక ముళ్లవైపు కిందికి పెట్టి బోర్లించకండి. పాత రకం గేజిల్లో ముల్లు ఊగకుండా చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. బోర్లిస్తే అది డయల్ మీదికి కారుతుంది.

ముళ్లు తీయాల్సిన పని పడొచ్చు, పడకపోవచ్చు. బోర్డు వెనకనుంచి వచ్చేస్తే అదృష్టం. ముళ్ల మోటార్లు బోర్డుకే సోల్డర్ అయి ఉంటే మాత్రం ముళ్లు, డయల్ తీయక తప్పదు. తీసే ముందు ప్రతి ముల్లు ఎక్కడ ఆగి ఉందో ఫోటో తీసి, మాస్కింగ్ టేపు మీద గీత గీసుకోండి. డయల్ మీద గుడ్డ పరిచి, రెండు చెంచాలు అటూ ఇటూ పెట్టి నిటారుగా పైకి లేపాలి. తిప్పితే లోపలి గేరు పళ్లు పోతాయి. తిరిగి పెట్టేటప్పుడు డయల్‌కీ ముల్లుకీ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వదలాలి. పూర్తిగా నొక్కితే ముల్లు డయల్‌కి రాసుకుని మధ్యలో ఆగిపోతుంది. పని అయ్యాక ఫోన్ జీపీఎస్‌తో 60 దగ్గర సరిచూడండి. మీటర్ కొంచెం ఎక్కువ చూపించడం తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు, ఎక్కువ అయితే అసలు వేగంలో పదో వంతుకి గంటకు 4 కిలోమీటర్లు కలిపినంత వరకు ఒప్పుతుంది. అసలు 60 అయితే 60 నుంచి 70 లోపు. 55 చూపిస్తే మాత్రం ముల్లు తీసి మళ్లీ పెట్టండి.

ఇప్పుడు ఎల్‌సీడీ. గాజు బోర్డుకి మూడు రకాలుగా కలిసి ఉంటుంది. మీది ఏ రకమో విప్పితేనే తెలుస్తుంది.

గాజు అంచున లోహపు పిన్నులుండి బోర్డులోకి దిగి ఉంటే పని తేలిక. భూతద్దంలో పిన్ను చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తుంది. టంకం బాగా అంటుకోవడానికి ఫ్లక్స్ రాసి, 60/40 తగరం-సీసం టంకం తీగ 0.8 మిల్లీమీటర్లది కొద్దిగా కలిపి, ఒక్కో పిన్నుకి రెండు మూడు సెకండ్లకు మించకుండా మళ్లీ టంకం పెట్టండి. వరసగా కాదు, ఒకటి ఇటు చివర, ఒకటి అటు చివర. ఒకే చోట వేడి పేరుకుంటే పిన్నుకీ గాజుకీ మధ్య అతుకు వదులుతుంది. అది వదిలితే అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు.

గాజుకీ బోర్డుకీ మధ్య నలుపు తెలుపు చారల రబ్బరు పట్టీ ఉంటే దాన్ని జీబ్రా అంటారు. సిలికాన్‌లో కరెంటు పారే పొర, పారని పొర మార్చి మార్చి పేర్చి ఉంటుంది. ఒక్కో ప్యాడుకి చాలా పొరలు తగులుతాయి కాబట్టి పట్టీని వెంట్రుకవాసి లెక్కతో సరిపెట్టాల్సిన పనిలేదు. దీన్ని పట్టి ఉంచేది ఒత్తిడి ఒక్కటే. ఏళ్ల తరబడి నలిగి రబ్బరు అణిగిపోతుంది. వేసవిలో తలుపులేసిన కారు డ్యాష్‌బోర్డు ఎంత కాలుతుందో రెంటచింతల వాళ్లని అడగండి. ఆ వేడి రోజూ ఎక్కి దిగుతుంటే ప్యాడ్ల మీదా సన్నని పొర కడుతుంది.

మూడోది కాగితంలాంటి రిబ్బన్ కేబుల్, గాజుకి వేడితో అతికించింది. దీని మీద కార్బన్ సిరా గీతలే ఉంటాయి, టంకం అంటుకోదు. టీ ఆకారపు మొన ఉన్న ఐరన్‌ని 180–200 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యలో సిలికాన్ రబ్బరు ముక్క ఉంచి, అయిదు నుంచి పది సెకండ్లు నొక్కాలి. ఐరన్ తీశాక కూడా రబ్బరు మీద వేలితో ఒత్తిడి అలాగే ఉంచి చల్లారనివ్వాలి. మీ 25 వాట్ల మామూలు ఐరన్‌తో ఈ పని వద్దే వద్దు. దానికి వేడి అదుపు ఉండదు, మొన 300 డిగ్రీలు ఎప్పుడో దాటేస్తుంది, రిబ్బన్ ముడుచుకుపోతుంది. సరిగ్గా చేసినా ఇది ఎక్కువ కాలం నిలిచే వైద్యం కాదు. రిబ్బన్ రకమైతే కొత్త రిబ్బనే వేయించండి.

పొద్దున లేదు, ఎండలో ఉంది, నొక్కితే ఉంది అంటున్నారు కాబట్టి నా పందెం జీబ్రా మీదే.

గోదారి_గేర్:

దీనికి చిన్న చేర్పు. డిస్‌ప్లే చూసి ఏది బాగవుతుంది, ఏది కాదు అని ముందే తెలుసుకోండి. సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ అంచునుంచి పాకుతుంటే గాజు చిట్లింది, లోపలి ద్రవం కారుతోంది. దానికి మందు లేదు, గాజు మార్చడమే. అలా కాకుండా ఊదా రంగులోకో గోధుమ రంగులోకో వెలిసిపోయి, బుడగలు కట్టినట్టు ఉంటే పోయింది పైనున్న పోలరైజర్ ఫిల్మ్ మాత్రమే. దాన్ని ఒలిచి, జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కోసి అతికించొచ్చు. అతికించే ముందు డిస్‌ప్లే వెలిగించి ఫిల్మ్‌ని గాజు మీద తిప్పి చూడండి. తొంభై డిగ్రీలు తేడా వస్తే తెల్ల అంకెలు నల్లబడి, నల్ల అంకెలు తెల్లబడతాయి. ఏ మూలకి సరిపోతుందో గుర్తు పెట్టుకునే కోయాలి.

పాలకొల్లు_పెట్రోల్:

బాబాయ్ గారూ, తీగ గారూ, చాలా థాంక్స్. కొలతలు ఇవి: ఆగి ఉన్నప్పుడు 12.4, సెల్ఫ్ కొడుతుంటే 8.7, ఇంజన్ ఆన్‌లో 14.1. ఎర్త్ దగ్గర 0.35 వోల్టు.

మీటర్ విప్పాను. జీబ్రా పట్టీనే, గాజుని ఒక రేకు ఫ్రేము పట్టి ఉంది, ఫ్రేము చెవులు బోర్డు వెనక మెలితిప్పి ఉన్నాయి. ముళ్లు తీయాల్సిన అవసరం రాలేదు. బ్యాక్‌లైటు చిన్న ఎల్‌ఈడీలు, ఆరు ఉన్నాయి, పసుపు రంగు. బోర్డు మీద ఒకచోట, వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ చుట్టూ గోధుమ రంగు తిరిగింది, దాని పక్కనే రెండు గుండ్రటి కెపాసిటర్లున్నాయి. అది లీకా? జీబ్రాని రబ్బరుతో, అంటే పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దొచ్చా?

టంకం_తీగ:

జీబ్రాని రుద్దకండి. పట్టీని వేళ్లతో పట్టుకోవద్దు, ప్లాస్టిక్ పట్టకారుతో తీయండి. చేతి జిడ్డు చాలు మళ్లీ గీత పోవడానికి. ఏ వైపు గాజుకి, ఏ వైపు బోర్డుకి ఉందో గుర్తు పెట్టుకోండి.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. హైదరాబాద్ అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, మీ దగ్గర మొబైల్ రిపేరు షాపుల్లో అడగండి. మెడికల్ షాపులో ఇచ్చే స్పిరిట్‌లో నీళ్లు, రంగు, ఇంకేవో కలుస్తాయి, అది వద్దు. పోగులు రాలని గుడ్డ, కళ్లద్దాలు తుడిచేది బాగుంటుంది, దాన్ని తడిపి గాజు అంచున కాంటాక్టులుండే వైపు ఒకే దిశలో తుడవండి. ఆ గాజు మీది కాంటాక్టులు కంటికి దాదాపు కనిపించవు, వాటిని గీకితే పోయినట్టే. బోర్డు ప్యాడ్లు బంగారు రంగులో ఉంటే మెత్తటి తెల్ల రబ్బరుతో ఒకసారి లైట్‌గా రుద్ది, పొడి దులిపి, ఆల్కహాల్‌తో తుడవొచ్చు. ప్యాడ్లు నల్లగా ఉంటే అది కార్బన్ పూత, రబ్బరు తగిలించకండి. జీబ్రాని ఆల్కహాల్ తడిగుడ్డతో ఒక్కసారి లాగి, పది నిమిషాలు ఆరనిచ్చి, తలకిందులుగా పెట్టండి. పాత అణిగిన ముఖం మారుతుంది.

ఫ్రేము బిగించేటప్పుడు చెవులన్నీ ఒక్కోటి కొద్దికొద్దిగా, ఎదురెదురు మూలలు మార్చి తిప్పండి, చక్రం బోల్టులు బిగించినట్టు. ఒకే పక్క ముందు బిగిస్తే గాజు చిట్లుతుంది. ఈ చెవులు మెలితిప్పడం ఒకటి రెండుసార్లే ఓర్చుకుంటాయి, మూడోసారి విరుగుతాయి. అందుకని పూర్తిగా బిగించే ముందే మీటర్‌ని కప్లర్‌కి తగిలించి వెలిగించి చూసుకోండి. అయినా గీత మసకగా ఉంటే ఫ్రేముకీ గాజుకీ మధ్య, అంచున మాత్రమే, ఒక పొర ఇన్సులేషన్ టేపు పెడితే ఒత్తిడి పెరుగుతుంది. రెండు పొరలు వద్దు.

గోధుమ రంగు గురించి. రెగ్యులేటర్ చుట్టూ బోర్డు సమంగా గోధుమ రంగు తిరిగి, పొడిగా ఉంటే అది ఏళ్ల వేడి, ఏం చేయక్కర్లేదు. కెపాసిటర్ కాళ్ల దగ్గర మొదలై, జిగటగానో మెరుస్తూనో ఉండి, టంకం కాంతి పోయి మట్టిరంగులో ఉంటే లీకు. ఐరన్ తగిలించినప్పుడు చేపల వాసన వస్తే ఇక అనుమానమే లేదు. లీకైతే పైన రాసున్న మైక్రోఫారడ్లే తీసుకోండి, వోల్టేజి మాత్రం అంతే లేదా ఎక్కువ. 12 వోల్టుల వైపు ఉండేది 25 కన్నా తక్కువ వద్దు, 35 అయితే మంచిది. 85 డిగ్రీలది ఇస్తారు, 105 డిగ్రీలది అడిగి తీసుకోండి. నెగటివ్ చార ఏవైపుందో ఫోటో తీసి ఊడదీయండి. పట్టకారుతో పట్టి లాగితే రాగి ప్యాడు కూడా లేచి వస్తుంది. రెండు కాళ్లకూ బాగా సీసం పెట్టి, రెండూ కరిగినప్పుడే ఎత్తాలి. కారిన ద్రవాన్ని ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, చుట్టుపక్కల రాగి ట్రాకులు తెగాయేమో మల్టీమీటర్ కంటిన్యూటీలో చూడండి. ఆ ద్రవం రాగిని తినేస్తుంది.

వైరింగ్_బాబాయ్:

8.7, 0.35. దొంగ దొరికాడు.

లెక్క చూడండి. బ్యాటరీ దగ్గర 8.7. ఎర్త్‌లో 0.35 పోతే 8.35. బోర్డులోకి వెళ్లేటప్పుడు, బ్యాటరీ తీగలు తారుమారైనా కాపాడే రివర్స్ రక్షణ డయోడ్ ఉంటుంది, అక్కడ 0.7 పోతే 7.65. కీ స్విచ్, పాత తీగలు, ఫ్యూజ్ కాంటాక్టులు ఇంకొంచెం తింటాయి. లోపల 7805 లాంటి మామూలు రెగ్యులేటర్ అయితే 5 వోల్టులు ఇవ్వడానికి లోపలికి 7 అయినా కావాలి. అంటే మీ మీటర్ అంచు మీద నిలబడి ఉంది. ఒక్కోసారి ఆరుతోంది, ఒక్కోసారి లేదు అంటే అందుకే. తక్కువ తేడాతో పనిచేసే రెగ్యులేటర్ వేద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. వాటికి అవుట్‌పుట్ కెపాసిటర్ లెక్క వేరు, తప్పితే ఊగిసలాడతాయి. జబ్బు బయట ఉండగా బోర్డుని కోయడం దేనికి?

ఎర్త్ బోల్టు విప్పి, రింగ్ టెర్మినల్, బాడీ రేకు రెండూ 220 నంబరు ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన వ్యాజలైన్ రాయండి. ముందు రాసి బిగించకండి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి వచ్చే లావు ఎర్త్ తీగలకూ అదే పని. సముద్రం దగ్గర ఊళ్లలో ఆ తీగ పైన బాగానే ఉంటుంది, తొడుగు లోపల ఆకుపచ్చ పొడి అయి ఉంటుంది. వంచి చూడండి, కరకరమంటే మార్చేయండి. బ్యాటరీని ఛార్జరు మీద నిండా ఎక్కించి, మళ్లీ సెల్ఫ్ కొట్టి చూసి, అప్పటికీ 9.6 కిందికి దిగితే లోడ్ టెస్ట్ చేయించండి.

ఎల్‌ఈడీలు ఆరు, ఎడమ సగం చీకటి అంటే మూడేసి చొప్పున వరస కట్టి ఉంటాయి. మూడింటిలో ఒకటి తెగితే మూడూ ఆరతాయి. కాలినది ఒక్కటే, చీకటి మూడింటిది. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పసుపు ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంది, 2 వోల్టుల దగ్గర చూపిస్తుంది. తెలుపు, నీలం అయితే 3 వోల్టులు కావాలి, చాలా మల్టీమీటర్లకు ఆ సత్తువ లేదు. అప్పుడు 9 వోల్టుల బ్యాటరీకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి తగిలించండి, ఆరేడు మిల్లీఆంపులే పారతాయి, ఎల్‌ఈడీకి హాని లేదు. ఎల్‌ఈడీ దొరికిందని ఒక్కటే మార్చకండి. పాతవి వెలిసి ఉంటాయి, కొత్తది ఒక్కటే దీపావళిలా ఉంటుంది. ఆరూ ఒకే స్ట్రిప్ నుంచి తీసుకుని మార్చండి. మూల కత్తిరించినట్టు ఉండే వైపు చాలావరకు నెగటివే, అయినా టంకం పెట్టే ముందు ఆ 9 వోల్టుల బ్యాటరీతోనే ఖాయం చేసుకోండి.

పసుపు తీసి తెలుపు వేద్దామనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. వేస్తే రెసిస్టర్ లెక్క మారుతుంది. మూడు పసుపు 6 వోల్టులు తీసుకుంటే మూడు తెలుపు 9.3 దాకా తీసుకుంటాయి. 14 వోల్టుల్లో మిగిలేది 4.7. 330 ఓమ్స్ పెడితే 14 మిల్లీఆంపులు, పర్వాలేదు. కానీ ఇంజన్ ఆపి కీ ఆన్‌లో పెడితే 12 వోల్టులకి 8 మిల్లీఆంపులే, వెలుతురు బాగా తగ్గుతుంది. పసుపే ఉంచండి, రాత్రి కంటికి కూడా అదే సుఖం.

బల్బులున్న మీటర్ల వాళ్లు ఈ చర్చ చదువుతుంటే వాళ్లకో మాట. 1.2 వాట్ల గాజు బల్బు తీసి ఎక్కువ వాట్లది పెట్టకండి, వెనక ప్లాస్టిక్ కరిగి పోలరైజర్ మాడుతుంది. ఎల్‌ఈడీ రకం పెట్టి వెలగకపోతే సాకెట్‌ని సగం తిప్పి పెట్టండి, పోలారిటీ తేడా.

డల్లాస్_డ్రైవర్:

ముళ్ల సమస్యతో ఇక్కడికొచ్చే అమెరికా వాళ్ల కోసం. 2003–2006 నాటి జీఎం (జనరల్ మోటార్స్) ట్రక్కుల్లో స్పీడు ముల్లు ఎక్కడో ఒకచోట అతుక్కుపోవడం, సున్నాకి రాకపోవడం అందరికీ తెలిసిన జబ్బే. లోపలి స్టెప్పర్ మోటారు మార్చాలి. బయట దొరికే ఎక్స్27.168 రకం దాని చోట కూర్చుంటుంది. నాలుగు పిన్నులు, రెండు కాయిల్స్, ఒక్కో కాయిల్ సుమారు 280 ఓమ్స్ ఉండాలి. ఓపెన్, అంటే తీగ తెగినట్టు, చూపిస్తే మోటారు పోయినట్టే. కాయిల్ బాగుండి ముల్లు గిజగిజలాడుతుంటే లోపలి పళ్లు అరిగాయి, అదీ మార్చడమే. ఒకటి పోయిందంటే మిగతావి వెనకే ఉంటాయి, ఎలాగూ విప్పారు కాబట్టి అన్నీ మార్చేయండి.

మీటర్ మొత్తం మారిస్తే ఇక్కడ ఫెడరల్ చట్టం ఉంది. పాత రీడింగ్ కొత్తదానిలో పెట్టగలిగితే పెట్టాలి. పెట్టలేకపోతే సున్నా చేసి, పాత మైళ్లు, మార్చిన తేదీ రాసి ఎడమ డోరు ఫ్రేము మీద అంటించాలి. మోసం చేసే ఉద్దేశంతో ఆ కాగితం పీకినా నేరమే.

టంకం_తీగ:

అదే సందర్భంలో పాత మీటర్ సంగతి. ఆటోనగర్‌లో తెచ్చినదాంట్లో దాని కిలోమీటర్లుంటాయి, మీవి కావు. రేపు అమ్మేటప్పుడు సర్వీసు పుస్తకంలో ఒకటి, మీటర్‌లో ఒకటి ఉంటే కొనేవాడు మీరు తిప్పించారనే అనుకుంటాడు. కప్లర్ ఒకటే ఉన్నంత మాత్రాన పిన్నులు ఒకటి కావు. పెట్రోల్, డీజిల్ రకాలకి ఆర్‌పీఎం పల్స్ లెక్కలు తేడా ఉంటాయి. కొన్ని యూరప్ కార్లలో దొంగతాళానికి ఇంజన్ లేవకుండా చేసే ఇమ్మొబిలైజర్ మీటర్ బోర్డులోనే ఉంటుంది, వేరేది పెడితే ఇంజనే లేవదు. ఒకే పార్ట్ నంబరు ఉన్న పాత మీటర్ దొరికితే దాన్నుంచి గాజు, జీబ్రా పట్టీ, ఎల్‌ఈడీలు తీసుకుని మీ బోర్డుకే పెట్టుకోండి. బోర్డు మీదైతే రీడింగ్ మీది. గాజు మార్చినా, జీబ్రా మార్చినా, కెపాసిటర్లు మార్చినా ఎనిమిది కాళ్ల ఈఈప్రామ్ చిప్ జోలికి పోనంతవరకు కిలోమీటర్లు ఎక్కడికీ పోవు.

పాలకొల్లు_పెట్రోల్:

చేసేశాను. గోధుమ రంగు పొడిగానే ఉంది, కెపాసిటర్లు ముట్టుకోలేదు. ఎర్త్ ఇప్పుడు 0.06, బ్యాటరీ నిండా ఛార్జ్ చేశాక సెల్ఫ్‌లో 10.1, డిస్‌ప్లే ఆరడం లేదు. ఎల్‌ఈడీలు ఆరూ మార్చాను, వెలుతురు సమంగా ఉంది. 8 మళ్లీ 8 అయింది, ట్రిప్ గుర్తూ వచ్చింది.

ఒక్కటే మిగిలింది. ఇంతకుముందు బాగున్న పెట్రోల్ గీతల్లో చివరిది ఇప్పుడు మసకగా ఉంది. మూల చెవి ఇంకొంచెం తిప్పనా?

టంకం_తీగ:

ఆ చెవిని ఇంకా తిప్పి బిగించకండి, ఇప్పటికే ఒకసారి మెలితిరిగింది. చివరి గీత ఒక్కటే అంటే పట్టీ చివర సరిగ్గా కూర్చోలేదు. తలకిందులు చేసినప్పుడు పట్టీ అర మిల్లీమీటరు పక్కకి జరిగి ఉంటుంది, చివరి ప్యాడు బయట పడింది. ఆ వైపు రెండు చెవులు మాత్రమే వదులు చేసి, ప్లాస్టిక్ పట్టకారు మొనతో పట్టీని ఆ చివరకి తోసి, గాజుని వేలితో అదిమి పట్టుకుని బిగించండి. చెవి విరిగిందా, ఆ రంధ్రంలోంచి సన్నని రాగి తీగ దూర్చి ఫ్రేముకి టంకం పెట్టేయండి, అదీ నిలుస్తుంది. కొన్ని బండ్లలో ట్రిప్ బటన్ నొక్కిపట్టి కీ ఆన్ చేస్తే అన్ని గీతలూ ఒకేసారి వెలుగుతాయి. మీదాంట్లో ఆ సదుపాయం ఉందేమో చూడండి. ఉంటే ప్లాస్టిక్ ఫ్రేము ఎక్కించే ముందే ప్రతి గీతా లెక్కపెట్టుకోవచ్చు.